పదకొండో పళ్ళెం

బరంపురంలో నా ఉద్యోగం
ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనంలో
ఒకరి కంటి వెనక పొరని పెంచడం.

ఇంట్లో కన్ను అంటాం, బజారులో ఆఖి అంటాం,
పళ్ళెం మీద మాత్రం నంబరే.
పదకొండు. ఆడమనిషి. అరవై ఎనిమిదేళ్ళు. గోపాల్‌పూర్.
ఇంతకు మించి రాయకూడదు.

వచ్చిన రోజు బొగ్గునుసిలా ఉన్నాయి,
ఒక్కో కణం కడుపులో కాటుక.
విడదీసి చల్లగానే
నలుపు మరిచిపోయాయి.
పొడుగ్గా సాగి, పాలిపోయి,
ఎవరి పక్కన నిలబడాలో తెలియక తిరిగాయి.
రోజు విడిచి రోజు పాత నీళ్ళు తీసి కొత్తవి పోశాను,
దానిమ్మరసం రంగువి.
అవి తిన్నంత తిన్నాక పసుపు కలిసినట్టు తిరిగేవి.
నలభయ్యో రోజుకి
ఒకదాని భుజం ఒకటి ఆనుకుని
ఆరు మూలల ఇళ్ళు కట్టుకున్నాయి.
ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే,
మళ్ళీ కాటుక పెట్టుకున్నాయి.

వైశాఖంలో తుఫాను.
జనరేటరులో డీజిలు రాత్రి మూడింటికి అయిపోయింది.
నా స్కూటర్లో పెట్రోలుంది తియ్యనా అన్నాడు వాచ్‌మన్ గౌరాంగో.
దానికది పనికిరాదన్నాను.
"అయితే తలుపు తియ్యకు నానీ, ఉన్న వేడి పోతుంది."
ఒక్క కణాన్నీ ఏనాడూ చూడనివాడు.
పెట్టె చుట్టూ రెండు రగ్గులు కప్పి
పురిటిగది బయట కూర్చున్నట్టు కూర్చున్నాం.
తెల్లారి చూస్తే పన్నెండు పళ్ళేల్లో తొమ్మిది పోయాయి.
పదకొండులో చిల్లులు పడ్డాయి, అంతే.
వారంలో పక్కవి జరిగి, కొత్తవి పుట్టి, పూడ్చాయి.
కంట్లో ఉన్నంతకాలం చెయ్యని పని ఇక్కడెందుకు చేశాయో
డాక్టరమ్మ గంటసేపు చెప్పింది.
నాకు సగమే అర్థమైంది.

నిన్న చోడిపల్లి లచ్చయ్య వచ్చాడు,
కంట్లో చుక్కలు వేయించుకోడానికి.
వేయించుకుని వెళ్ళిపోక మెట్లెక్కి పైకొచ్చాడు.
"మాగమాసంలో మాయమ్మ కళ్ళిచ్చినాం. ఎవులికెట్టినారు?"

నాకు తెలుసు. చెప్పకూడదు.
తేదీ కూడా కలిసింది.
ఎవరివో ఉన్నాయి, చూస్తావా అని
కుర్చీ ఎత్తు తగ్గించి పదకొండు పెట్టాను.
చుక్కల మసకలో అతను "ఆగు" అనేదాకా
మర తిప్పుతూనే ఉన్నాను.

"ఇయ్యి సూత్తాయా?"
చూడవు. చూసేవాటి కాళ్ళ దగ్గరుంటాయి.
తెల్లారగానే అవి విడిచిన తునకలు
ఎంగిళ్ళు తీసినట్టు తీసేస్తాయి.
ఇవి పని మానేస్తే చూసేవి బతకవు.

మాయమ్మా అంతే, అని అతననలేదు.
నేనే అనుకున్నాను, అనుకుని సిగ్గుపడ్డాను.
అతనన్నది వేరే:
"వలలాగుందమ్మా. కన్ను సమంగా ఏసినారు.
ఎన్నేళ్ళ కొలతిది? మా కవ్వళ్ళ వలకి రెండేళ్ళు పట్టాల."

వలకీ కళ్ళే ఉంటాయని
పద్దెనిమిదేళ్ళుగా ఈ గదిలో ఉన్నదాన్ని, నాకు తట్టలేదు.

చిరుగెక్కడుందో చూపించమన్నాడు.
అల్లేవాడి వేళ్ళు ముందు దాన్నే వెతుకుతాయి.
లేదన్నాను.

ఇవాళ ఆ చిరుగు నేనే చెయ్యాలి.
సన్న గొట్టం మొనతో పళ్ళెం మధ్యన ఒక గీత,
గంటగంటకీ ఫొటో,
రెండు ఒడ్లూ ఎప్పటికి కలుస్తాయో లెక్క.
వందలసార్లు గీశాను, చెయ్యి వణకలేదు.

నాలుగు, గీశాను.
పన్నెండు, గీశాను.
పదకొండుకి నీళ్ళు మార్చి లోపల పెట్టేశాను.

రిజిస్టరులో ఆలస్యానికి కారణం అని ఒక గడి ఉంది.
ఏ భాషలో రాయాలా అని చూస్తుంటే
కింద గౌరాంగో గేటు వేస్తున్నాడు,
గోపాల్‌పూర్ ఆఖరి బస్సు
హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.